సర్వర్ ఆపేస్తే గేమ్ ఎక్కడికి పోతుంది? జీబో అనే కన్సోల్ కథ

మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ ఏది అని అడిగితే ఇది చదివేవాళ్లలో సగం మంది టక్కున చెప్పేస్తారు, 2008లో వచ్చిన హెచ్‌టీసీ డ్రీమ్ అని. అందులో ఉన్న చిప్ క్వాల్‌కామ్ ఎంఎస్ఎం7201ఏ. 528 మెగాహెర్ట్జ్ ఏఆర్ఎం11 కోర్, పక్కనే అడ్రినో 130 గ్రాఫిక్స్. స్పెక్స్ పిచ్చి ఉన్నవాళ్లకి ఇది పాత పాఠమే. అయితే అదే చిప్ పెట్టి ఆ మరుసటి ఏడాది ఒక గేమింగ్ కన్సోల్ కూడా అమ్మారన్న సంగతి చాలామందికి తెలీదు. దాని పేరు జీబో.

డిస్క్ డ్రైవ్ లేదు. క్యాట్రిడ్జ్ స్లాట్ లేదు. ఇంట్లో ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. గేమ్ కావాలంటే కన్సోల్ లోపలే ఉన్న 3జీ మోడెమ్ గాల్లోంచి దించుకుంటుంది. 2009 నాటికి ఇది మామూలు ఆలోచన కాదు. సోనీ డిస్క్ లేని పీఎస్‌పీ గో తీసుకొచ్చింది కూడా అదే ఏడాది, అదీ జీబో తర్వాతే.

ఇప్పుడు ఆ గేముల్ని బతికించడానికి కొంతమంది చిప్‌లు ఊడదీసి మరీ తంటాలు పడుతున్నారు. ఎందుకంత కష్టమో అర్థం కావాలంటే అసలు ఈ బాక్స్ ఎలా పనిచేసేదో ముందు చూడాలి.

బ్రెజిల్‌కే ఎందుకు?

జీబో వెనకాల ఉన్నవి రెండు కంపెనీలు. ఒకటి క్వాల్‌కామ్, రెండోది బ్రెజిల్‌కి చెందిన టెక్‌టాయ్. సెగా మాస్టర్ సిస్టమ్‌ని మిగతా ప్రపంచం మర్చిపోయిన తర్వాత కూడా దశాబ్దాల తరబడి బ్రెజిల్‌లో కొత్త మోడల్స్‌గా అమ్ముతూ వచ్చిన కంపెనీ ఇదే. కాబట్టి పెద్ద కన్సోల్స్ అక్కడ సామాన్యుడికి ఎందుకు అందవో వాళ్లకి బాగా తెలుసు. దిగుమతి పన్నుల వల్ల ప్లేస్టేషన్ 3 ధర ఆకాశంలో ఉండేది. ప్లేస్టేషన్ 2 మాత్రం ఇంటింటా ఉండేది, ఆడే డిస్కులేమో ఎక్కువగా ఫుట్‌పాత్ మీద కొన్నవి. మనకి ఒకప్పటి కోఠి సీడీ బండ్లు గుర్తున్నాయి కదా, అచ్చం అదే సీన్.

పైరసీ ఉన్నచోట అసలు డిస్కే లేకపోతే? ఇదీ వాళ్ల లాజిక్. 2009 మే చివర్లో బ్రెజిల్‌లో 499 రియాల్స్ ధరతో జీబో వచ్చింది. బ్రెజిల్‌లో క్లారో నెట్‌వర్క్, తర్వాత అదే ఏడాది నవంబర్‌లో మెక్సికోలో టెల్‌సెల్ నెట్‌వర్క్. వాడేవాళ్లకి సిమ్ బిల్లు, డేటా ప్యాక్ గొడవ లేదు, ఆ ఖర్చంతా గేమ్ ధరలోనే కలిసిపోయేది. ఫిఫా 09, నీడ్ ఫర్ స్పీడ్ కార్బన్ లాంటివి బాక్స్‌లోనే ఎక్కించి ఇచ్చారు. మిగతావి జెడ్-క్రెడిట్స్ కొనుక్కుని మెనూలోంచి డౌన్‌లోడ్ చేసుకోవాలి. అవి పోయి కూర్చునేది 1 జీబీ నాండ్ ఫ్లాష్ మెమరీలో. నిండిపోతే ఏదో ఒకటి తీసేయాలి.

ఇండియా కూడా వాళ్ల లిస్టులో ఉంది. తర్వాతి మార్కెట్లుగా ఇండియా, చైనా పేర్లు కంపెనీ బహిరంగంగానే చెప్పింది. మన దగ్గర 3జీ వేలం జరిగిందే 2010లో. ఆ తర్వాత ఏడాదికి జీబో ఉన్న చోటే మూతపడింది. వచ్చి ఉంటే మనలో ఎవరో ఒకరి ఇంట్లో అటక మీద ఇప్పుడొక జీబో ఉండేదేమో.

2011 మేలో బ్రెజిల్‌లో సేవలు ఆపేస్తున్నట్టు ప్రకటించారు. సెప్టెంబర్ నెలాఖరుతో నెట్‌వర్క్ కూడా ఆగిపోయింది. కన్సోల్‌లో అప్పటికే ఉన్న గేములు ఆడుకోవచ్చు. తీసేసినవి మాత్రం పోయినట్టే. డబ్బులు కట్టినా, రసీదు దాచుకున్నా, తిరిగి తెచ్చుకునే దారి లేదు.

జార్ బతికింది, బ్రూ చచ్చింది

ఇక్కడ ఒక్క నిమిషం మన పాత నోకియా ఫోన్ల దగ్గరికి వెళ్దాం. అప్పటి జావా గేములు గుర్తున్నాయా? ప్రిన్స్ ఆఫ్ పర్షియా, అస్ఫాల్ట్, బౌన్స్ టేల్స్. ఇప్పుడు వాటిని ఆడాలనిపిస్తే ప్లే స్టోర్‌లో జే2ఎంఈ లోడర్ వేసుకుని, నెట్‌లో దొరికే జార్ ఫైల్ పడేస్తే చాలు, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. పదిహేనేళ్ల కిందటి గేములు అంత తేలిగ్గా ఎలా దొరుకుతున్నాయి? ఎవరో లైబ్రరీ కట్టి దాచిపెట్టారనా? కాదు. కాలేజీ క్యాంటీన్లలో బ్లూటూత్ ఆన్ చేసి ఒకరికొకరు పంపుకున్నారు కాబట్టి. మొబైల్ షాపులో ఇరవై రూపాయలిచ్చి మెమరీ కార్డు నింపించుకున్నారు కాబట్టి. ఒక్కో గేమ్‌కి లక్ష కాపీలు లక్ష చోట్ల పడ్డాయి. కొన్ని వేల కార్డులు పాడైపోయినా మిగతావి మిగిలాయి.

జీబోలో ఉన్నది జావా కాదు, బ్రూ. క్వాల్‌కామ్ వాళ్ల సొంత ప్లాట్‌ఫామ్. మన దగ్గర టాటా ఇండికామ్ సీడీఎంఏ ఫోన్లు వాడినవాళ్లకి మెనూలో ఈ పేరు చూసిన గుర్తు ఉండొచ్చు. బ్రూలో యాప్ అంటే నేరుగా ఏఆర్ఎం మెషీన్ కోడ్. సీ లేదా సీ++లో రాసి కంపైల్ చేసి, డిజిటల్ సిగ్నేచర్ వేయించాలి. డౌన్‌లోడ్ కంపెనీ సర్వర్ నుంచే జరగాలి. సిగ్నేచర్ సరిపోకపోతే ఫోన్ ఆ యాప్‌ని ముట్టుకోదు. ఫ్రెండ్‌కి బ్లూటూత్‌లో పంపడం అన్న మాటే లేదు.

సెక్యూరిటీ పరంగా చూస్తే పక్కా డిజైన్. ఒక ఇంజినీర్‌గా మెచ్చుకోకుండా ఉండలేను కూడా. కానీ దాని ఫలితం చూడండి. జావా గేములు దొంగ కాపీల పుణ్యమా అని అందరి దగ్గరా ఉన్నాయి. బ్రూ గేములు నిజాయితీగా కొన్నవాళ్ల దగ్గర కూడా లేవు. సీడీఎంఏ ఫోన్లు స్క్రాప్‌లోకి పోతే వాటితో పాటే పోయాయి. పైరసీని సమర్థించడం నా ఉద్దేశం కాదు, గేమ్ తీసినవాళ్ల కష్టం వాళ్లకి దక్కాల్సిందే. జరిగింది మాత్రం ఇదీ.

పోతే ఏం పోయింది?

నిజం చెప్పాలంటే జీబో గేముల్లో చాలావరకు వేరేచోట దొరుకుతాయి. క్వేక్ కోసం జీబో అక్కర్లేదు. దాంట్లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4 కూడా మొబైల్ వెర్షనే, అసలు గేమ్‌ని కత్తిరించి కుదించింది. అది పోయిందని ఏడ్చేవాళ్లు పెద్దగా ఉండరు. క్రాష్ బ్యాండికూట్ నైట్రో కార్ట్ 3డీ పాత ఫోన్లలోనూ వచ్చింది.

అసలు విషయం జీబో కోసమే తీసిన వాటి దగ్గర ఉంది. బ్రిజో ఇంటరాక్టివ్ తీసిన డబుల్ డ్రాగన్ రీమేక్ ఉంది. డబుల్ డ్రాగన్ అంటే వీధి ఫైటింగ్ గేములకి పెద్దన్నలాంటిది. ఈ వెర్షన్ మాత్రం ఇంకే మెషీన్ మీదా రాలేదు. ఆ సిరీస్ మీద అభిమానం ఉన్నవాళ్లు జపాన్‌లో, అమెరికాలో కూర్చుని బ్రెజిల్ సెకండ్ హ్యాండ్ మార్కెట్ వైపు చూసేది దీనికోసమే.

నాకు మాత్రం అంతకన్నా జీబో ఎక్స్‌ట్రీమ్ సిరీస్‌లోని రోలిమా ఎక్కువ నచ్చింది. రోలిమా అంటే ఏంటో తెలుసా? చెక్కపలక కింద పాత బాల్ బేరింగులు బిగించి, వాలు రోడ్డు మీద కూర్చుని జారిపోయే బండి. మన ఊళ్లలో పిల్లలు మెకానిక్ షెడ్ల చుట్టూ తిరిగి, బతిమాలి బేరింగులు తెచ్చుకుని చేసుకునే బండే ఇది! దాని మీద ఒక త్రీడీ రేసింగ్ గేమ్. ఈ ఆలోచన ఏ కాలిఫోర్నియా స్టూడియోకి వస్తుంది చెప్పండి? అలాగే మోషన్ సెన్సర్ ఉన్న బూమరాంగ్ కంట్రోలర్ కోసం పెటేకా, కెయిమాడా అనే ఆటలు తీశారు. పెటేకా అరచేత్తో కొట్టే ఈకల బంతి ఆట, బ్రెజిల్ మూలవాసుల నుంచి వచ్చింది. కెయిమాడా బంతితో ఎదుటి జట్టువాళ్లని కొట్టి అవుట్ చేసే ఆట. అక్కడి పిల్లలు తరతరాలుగా చదివే తూర్మా దా మోనికా కామిక్స్ మీద కూడా ఒక గేమ్ ఉంది. బిళ్లంగోడు మీద, ఏడు పెంకులాట మీద ఒక కంపెనీ సీరియస్‌గా కన్సోల్ గేములు తీసి, రెండేళ్లలో సర్వర్ పీకేసి వెళ్లిపోతే మనకెలా ఉంటుంది? వాళ్లకీ అలాగే ఉంది.

గేముని చిప్‌లోంచి బయటికి లాగడం

ఇప్పుడు టెక్నికల్ పార్ట్. ఇది కొంచెం లోతుగా వెళ్తుంది, ఓపిక పట్టండి, మజా ఉంటుంది.

డిస్క్ గేమ్ అయితే పీసీ డ్రైవ్‌లో పెట్టి కాపీ తీస్తాం. క్యాట్రిడ్జ్ అయితే రీడర్ దొరుకుతుంది. జీబోలో గేమ్ ఉండేది మదర్‌బోర్డు మీద సోల్డర్ చేసిన నాండ్ చిప్‌లో. దాన్ని చదవడానికి స్థూలంగా మూడు దారులు. సాఫ్ట్‌వేర్‌లో లోపం పట్టుకుని మన కోడ్ రన్ చేయించి, దాంతో ఫైళ్లు బయటికి రాయించడం ఒకటి. బోర్డు మీద జేటాగ్ లాంటి డీబగ్ పాయింట్లు వెతికి ప్రాసెసర్ ద్వారా మెమరీ చదవడం రెండోది. హాట్ ఎయిర్‌తో చిప్‌నే ఊడదీసి రీడర్‌లో పెట్టడం మూడోది. మూడోది అందరికీ అర్థమయ్యేది, అందరినీ భయపెట్టేది కూడా. చెయ్యి కాస్త వణికిందా, ప్యాడ్ లేచిపోతుంది. అందులో ఉన్న గేమ్ ఇంకెక్కడా లేనిదైతే ఇక మిగిలేది నిట్టూర్పే.

చిప్ చదివాక కూడా వచ్చేది నీట్‌గా ఫోల్డర్లు కావు. నాండ్‌లో ప్రతి పేజీ పక్కన స్పేర్ ఏరియా ఉంటుంది, అందులో ఎర్రర్ కరెక్షన్ బిట్స్. చెడిపోయిన బ్లాకుల స్థానంలో వేరే బ్లాకులు వాడి ఉంటారు. ఫైల్ సిస్టమ్ వాటి మీద తన లెక్క తను వేసుకుంటుంది. ఇవన్నీ విడదీసుకుంటూ పోతే చివరికి బ్రూ యాప్ ఫైళ్లు కనిపిస్తాయి. ఒక మాడ్ ఫైల్, అదే అసలు కోడ్. ఒక మిఫ్ ఫైల్, యాప్ పేరు, ఐకాన్, దానికిచ్చిన 32 బిట్ల క్లాస్ ఐడీ లాంటి వివరాలు. ఒక సిగ్ ఫైల్, ముందు చెప్పుకున్న సిగ్నేచర్. తర్వాత బొమ్మలు, సౌండ్లు.

ఇక వీటిని పీసీలోనో ఫోన్‌లోనో ఆడించాలంటే ఎమ్యులేటర్ కావాలి. జీబోకి ఇన్ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్ ఉంది, అభిమానులు రాసిందే. ఇలాంటివాటిని రాయడానికి ఒక తెలివైన పద్ధతి వాడతారు. మొత్తం కన్సోల్‌ని, మోడెమ్‌తో సహా, వైర్ వైర్‌గా నకలు చేయక్కర్లేదు. గేమ్ కోడ్ ఏఆర్ఎంలో ఉంది కాబట్టి సీపీయూ వరకు ఎమ్యులేట్ చేసి, అది బ్రూని అడిగే ప్రతి పనికీ మనమే జవాబు చెబితే సరిపోతుంది. బ్రూలో ప్రతిదీ ఒక ఇంటర్‌ఫేస్. ఫైల్ కావాలంటే ఐఫైల్, స్క్రీన్ కావాలంటే ఐడిస్‌ప్లే, సిస్టమ్‌తో మాట్లాడాలంటే ఐషెల్. ఒక్కోటీ ఫంక్షన్ పాయింటర్ల పట్టిక. గేమ్ ఆ పట్టికలో ఫలానా నంబర్ ఫంక్షన్‌ని పిలిచినప్పుడు అక్కడ మన కోడ్ కూర్చుని ఉండాలి, అంతే. గ్రాఫిక్స్‌కి ఓపెన్ జీఎల్ ఈఎస్ కాల్స్‌ని ఇప్పటి జీపీయూకి అర్థమయ్యేలా మార్చాలి.

అంతే అన్నాను గానీ, పని అక్కడే మొదలవుతుంది. డాక్యుమెంట్‌లో ఒకటి రాసి ఉంటుంది, గేమ్ ఇంకోటి ఆశిస్తుంది. ఫ్రేమ్ టైమింగ్ కాస్త తేడా వస్తే కారు గోడలోంచి దూసుకుపోతుంది. ఆడియో డీకోడర్ ఒకటి అర్థం కాక గేమ్ మొత్తం మూగగా నడుస్తుంది. ఇంకో తమాషా, బ్రూ కోడ్‌లో మామూలుగా రాసుకునే గ్లోబల్ వేరియబుల్స్ కుదరవు, అంతా ఒక స్ట్రక్చర్‌లో కుక్కి చేతులు మారుస్తూ తిప్పాలి. బీటెక్ ఫస్ట్ ఇయర్ సీ ల్యాబ్‌లో ఈ రూల్ పెట్టి ఉంటే మా బ్యాచ్‌లో సగం మంది సప్లీలే.

ఊయా విషయంలో ఏం జరిగింది

ఇలాంటిదే ఇంకో కన్సోల్ ఊయా. 2012లో కిక్‌స్టార్టర్‌లో 85 లక్షల డాలర్లకి పైగా వసూలు చేసి పేపర్లకెక్కింది, 2013లో 99 డాలర్లకి వచ్చింది. ఆండ్రాయిడ్ మీద నడిచే చిన్న క్యూబ్. అమ్మకాలు లేక 2015లో రేజర్ చేతికి వెళ్లింది, 2019 జూన్ 25న సర్వర్లు ఆపేశారు.

రెంటికీ తేడా ఏంటంటే, ఊయా గేములు ఏపీకే ఫైళ్లు. కేబుల్ పెట్టి ఏడీబీతో లాగేయొచ్చు. పైగా నెల ముందే ముహూర్తం చెప్పారు. ఆ నెల రోజుల్లో అభిమానులు కలిసికట్టుగా దొరికినవన్నీ దించి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చారు. అయినా ఒక చిక్కు మిగిలింది. కొన్న గేమ్ నిజంగా కొన్నదేనా అని సర్వర్‌ని అడిగే గేములున్నాయి, సర్వర్ లేకపోతే అవి డెమో దగ్గరే ఆగిపోతాయి. దానికి కూడా విరుగుడు కనిపెట్టారు. ఊయా సర్వర్‌లా జవాబులిచ్చే సర్వర్‌ని సొంతంగా రాసి, కన్సోల్‌ని దానివైపు తిప్పారు.

గూగుల్ స్టేడియాకి ఆ మాత్రం కూడా లేదు. 2023 జనవరి 18న ఆగిపోయినప్పుడు గూగుల్ డబ్బులు తిరిగిచ్చింది, కంట్రోలర్‌లో బ్లూటూత్ ఆన్ చేసిపెట్టింది, ఆ విషయంలో మర్యాదగానే ప్రవర్తించింది. కానీ స్ట్రీమింగ్ కాబట్టి యూజర్ చేతిలో ఒక్క బైట్ కూడా ఎప్పుడూ లేదు. ఊడదీయడానికి చిప్ కూడా లేదు.

చట్టం ఎటువైపు?

అమెరికాలో 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక స్టడీ విడుదల చేసింది. అక్కడ 2010కి ముందు రిలీజైన గేముల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా మార్కెట్‌లో లేవు. గమనించండి, ఇది అమెరికాలో రిలీజైన వాటి లెక్క. జీబో అసలు ఆ లెక్కలోకే రాదు. లైబ్రరీలు తమ దగ్గరున్న పాత గేముల్ని రీసెర్చ్ చేసేవాళ్లకి ఆన్‌లైన్‌లో చూపించేందుకు అనుమతి అడిగితే 2024 అక్టోబర్‌లో అమెరికా కాపీరైట్ ఆఫీస్ కాదంది. గేమ్ కంపెనీల సంఘం గట్టిగా అడ్డుపడింది మరి. యూరప్‌లో స్టాప్ కిల్లింగ్ గేమ్స్ పిటిషన్ 2025లో పది లక్షల సంతకాలు దాటింది, దాని సంగతి అక్కడి పాలకులు తేల్చాలి.

మన కాపీరైట్ చట్టం సంగతేంటి? సెక్షన్ 52 ప్రకారం చట్టబద్ధంగా తన దగ్గరున్న ప్రోగ్రామ్‌కి, పాడైతే పనికొస్తుందని బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఏ, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళాలు పగలగొడితే రెండేళ్ల వరకు జైలు అంటుంది, అయితే చట్టం నిషేధించని పనికోసం అయితే మినహాయింపు కూడా ఇస్తుంది. చదవడానికి అమెరికా చట్టం కన్నా మెత్తగానే ఉంది. అంటే మీ సొంత గేమ్‌కి మీరు బ్యాకప్ తీసుకోవడం ఒకటి, దాన్ని నెట్‌లో పెట్టి ఊరంతా పంచడం ఇంకోటి. రెండోదానికి ఈ సెక్షన్లు గొడుగు పట్టవు. జీబో లాంటి వాటిలో ఇంకో పీటముడి ఉంది. స్టూడియో మూతపడింది, ప్లాట్‌ఫామ్ కంపెనీ లేదు, గేమ్ హక్కులు ఎవరి బీరువాలో ఉన్నాయో వాళ్లకే తెలీకపోవచ్చు. అనుమతి అడుగుదామన్నా తలుపు ఎవరిది తట్టాలి?

మీ డ్రాయర్‌లో ఏముంది

ఇదంతా బ్రెజిల్ గోల, మనకెందుకు అనుకుంటున్నారా? మన ఫోన్లలోనూ ఇదే జరుగుతోంది, కాస్త నెమ్మదిగా. 2017లో ఐఓఎస్ 11 రాగానే 32 బిట్ గేములన్నీ ఐఫోన్లలో తెరుచుకోవడం మానేశాయి. పిక్సెల్ 7 నుంచి 32 బిట్ యాప్స్ నడవవు. ఆండ్రాయిడ్ 14 మరీ పాత ఏపీకేల్ని మామూలుగా ఇన్‌స్టాల్ కూడా చేయనివ్వదు. కాబట్టి "ఏపీకే దాచుకున్నాను, చాలు" అంటే సరిపోదు, దాన్ని నడిపే పాత ఫోన్ ఒకటి కూడా దాచుకోవాలి. బ్యాటరీ ఉబ్బిందేమో ఆర్నెల్లకోసారి చూసుకుంటూ ఉండండి.

పాత నోకియాలు, సోనీ ఎరిక్సన్‌లు ఇంట్లో ఉంటే అమ్మేసేముందు మెమరీ కార్డు తీసి మొత్తం పీసీలోకి కాపీ చేయండి. ముఖ్యంగా తెలుగు సినిమాల పేర్లతో, క్రికెట్ సీజన్ల కోసం వచ్చిన చిన్నాచితకా జావా గేములు ఉన్నాయేమో చూడండి. అస్ఫాల్ట్‌ని ప్రపంచమంతా దాచుకుంటుంది, వీటిని మనం దాచకపోతే ఇంకెవరూ దాచరు. బ్రూ ఉన్న సీడీఎంఏ ఫోన్ దొరికితే మాత్రం "క్లీన్ చేద్దాం" అని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టొద్దు. తెలిసినవాళ్ల చేతికి వెళ్లేదాకా అలాగే ఉంచండి.

బ్రెజిల్‌లో ఈ పని చేసేవాళ్లకి ఒక సెకండ్ హ్యాండ్ జీబో దొరికిందంటే అది తెరవని ట్రంకు పెట్టె లాంటిది. పాత ఓనర్ ఏ గేములు కొన్నాడు, చోటు చాలక ఏవి తీసేశాడు అన్నది ఆన్ చేసేదాకా తెలీదు. ఫ్లాష్ చిప్ తయారీదారులు డేటా నిలిచి ఉండే కాలాన్ని మామూలుగా పదేళ్ల లెక్కన చెబుతారు. జీబో చివరి డౌన్‌లోడ్ జరిగి ఇప్పటికి ఆ గడువు దాటిపోయింది.